గోడకి పట్టని ఆల్బట్రాస్

మా బాబాయికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కంటబడిన మనిషినల్లా చేతులు బార్లా చాపమని, ఆ బారని టేపుతో కొలిచి, ఆ మనిషి ఆల్బట్రాస్ కంటే ఎంత తక్కువో మొహం మీదే చెప్పేస్తాడు. ఇంకెవరికైనా ఈ పిచ్చి ఉంటే జనం తప్పించుకు తిరిగేవారు. మా బాబాయి దర్జీ. ఎంతటివాడైనా బట్టలు కుట్టించుకోక తప్పదు, కుట్టించుకోవాలంటే టేపు ముందు నిలబడకా తప్పదు.

ఆల్బట్రాస్ సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. భూగోళానికి బాగా అడుగున, మంచు మొదలయ్యే చోటికి దగ్గర్లో, గడ్డకట్టించే సముద్రాల మీద తిరిగే పెద్ద పక్షి అది. రెక్కలు విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకి పదకొండు అడుగులు. మా బాబాయి దాన్ని చూడలేదు. అసలు సముద్రాన్నే చూడలేదు. మా వీధిలో ఎగిరేవాటిలో అన్నింటికంటే పెద్దది పావురం.

నేను ఆయన అన్న కూతుర్ని. పదిహేనేళ్ళుగా ఆ కొట్లో కాజాలు కుట్టి, బొత్తాలు వేసి, కొలతల పుస్తకం రాస్తున్నాను. ఆ పుస్తకంలో ఛాతీ, నడుం, పొడవు అని గళ్ళుంటాయి. అన్నిటికంటే చివర్న 'ఆ.త.' అని ఇంకో గడి. అంటే 'ఆల్బట్రాస్‌కి తక్కువ' అని అర్థం. మిగతా గళ్ళు ఎప్పుడైనా ఖాళీగా ఉంటే బాబాయి ఏమీ అనడు. ఆ గడి ఖాళీగా ఉంటే మాత్రం ఒంటికాలి మీద లేస్తాడు.

ఒకసారి పోలీసు ఇన్‌స్పెక్టరు ప్యాంటు నడుం వదులు చేయించుకోవడానికి వచ్చాడు.

"చేతులు చాపండి సార్."

"ప్యాంటు వదులు చెయ్యడానికి చేతులెందుకయ్యా?"

"అలవాటు సార్. ఇంకొంచెం చాపండి. వేళ్ళు కూడా. ఆఁ... అయిదడుగుల ఎనిమిదంగుళాలు. అమ్మాయ్, రాసుకో. సార్ అయిదడుగుల నాలుగంగుళాలు తక్కువ."

"దేనికి తక్కువ?"

"ఆల్బట్రాస్‌కి సార్."

"అదెవరు? కొత్తగా వచ్చిన పై అధికారా?"

"పక్షి సార్."

ఇన్‌స్పెక్టరు నా వైపు చూశాడు. నేను బొత్తం కుట్టడంలో మునిగిపోయినట్టు తల వంచుకున్నాను. ఆయన చేతులు అలా చాపుకునే కాసేపు ఆలోచించి, "మా సబ్ ఇన్‌స్పెక్టరు ఎంత తక్కువ?" అని గొంతు తగ్గించి అడిగాడు.

పెళ్ళికి కోటు కుట్టించుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడు, తనతోపాటు పెళ్ళికూతుర్ని కూడా తీసుకొచ్చాడు. బాబాయి ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, వేళ్ళ కొసలు మాత్రం తగిలేలా చేతులు చాపించాడు. మొత్తం పదడుగుల పదంగుళాలు తేలింది. పెళ్ళికొడుకు మొహం వేలాడేశాడు. "ఇద్దరూ ఏకమైనా రెండంగుళాలు తక్కువే," అని బాబాయి తేల్చేశాడు. మళ్ళీ జాలిపడి, "దానికేం, ఒక్క పిల్ల పుట్టిందంటే దాటేస్తారు," అని ధైర్యం చెప్పాడు. పెళ్ళికూతురు సిగ్గుపడాలో కోప్పడాలో తెలియక, కోటు కింద లైనింగు ఏ రంగు వేస్తారని అడిగింది.

ఇంట్లోనూ ఇదే వరస. మా పిన్ని కిటికీకి పరదా కావాలంటే "అర ఆల్బట్రాస్ బట్ట చాలు" అంటాడు. బట్టల కొట్టువాడు పాపం మొదట్లో తికమకపడ్డాడు గానీ, ఇప్పుడు "ఒకటింపావు ఆల్బట్రాస్ పాప్లిన్" అనగానే చకచకా చించిచ్చేస్తాడు. బాబాయి నిద్రలో కూడా రెండు చేతులూ చాపుకునే పడుకుంటాడు. అందుకని మా పిన్ని ఈ పిచ్చి పట్టిన మూడో రోజు నుంచీ వేరే గదిలో పడుకుంటోంది. "మనిషితో కాపరం చెయ్యగలను గానీ, పక్షితో నావల్ల కాదమ్మా," అంటుంది.

నేను కొట్లో చేరిన కొత్తలో ఈ పిచ్చి అంటించి వెళ్ళినవాడు ఒక ఓడలో వంటవాడు. సెలవులో రైల్లో పోతూ, మా ఊళ్ళో దిగి, కోటు జిప్పు బాగుచేయించుకున్నాడు. ఆ అరగంటలో ఆల్బట్రాస్ గురించి చెప్పాడు. అది రెక్కలు ఒకసారి విప్పిందంటే గంటలకొద్దీ ఆడించదనీ, దాని భుజం దగ్గర తాళంలాంటిదేదో ఉందనీ, అది వేసేసుకుని గాలి మీద అలా సాగిపోతుందనీ, మళ్ళీ ముడుచుకోవాలంటే ఆ తాళం తీసుకుంటుందనీ చెప్పాడు. మామూలు మనిషైతే ఔరా అని ఊరుకునేవాడు. మా బాబాయి దర్జీ కాబట్టి ఆయనకి వెంటనే చంక కత్తిరింపు గుర్తొచ్చింది. అప్పటికే ఇరవయ్యేళ్ళుగా చొక్కాల చంకలు పట్టేస్తున్నాయని తిట్లు తిన్న మనిషి. "అమ్మాయ్! చేతులు ఎంత చాపినా చంకలో పట్టెయ్యని కుట్టు! ఎవడు కుట్టాడో మహానుభావుడు!" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వంటవాడు భయపడి, జిప్పు సగమే పడుతున్నా వెళ్ళిపోయాడు.

మర్నాడే కొట్టు వెనకగోడ మీద ఆల్బట్రాస్‌ని నిలువెత్తున, అంటే అడ్డవెడల్పున, నీలం రంగుతో వెయ్యడం మొదలుపెట్టాడు. అక్కడే పెద్ద తప్పు జరిగింది. దర్జీ ఎప్పుడూ సగమే గీస్తాడు. బట్ట మడతపెట్టి, సగం గీసి, కత్తిరించి, మడత విప్పితే రెండో సగం దానంతటదే వస్తుంది. బాబాయి కుడి మూల నుంచి మొదలుపెట్టి అయిదున్నర అడుగుల రెక్క గీశాడు. ఒళ్ళు గీశాడు. ముక్కు గీశాడు. తృప్తిగా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. గోడకి మడత లేదని అప్పుడు తట్టింది. కొట్టు వెడల్పు పదడుగులు. ఎడం రెక్కకి మిగిలింది నాలుగున్నర. చివరి అడుగు రెక్క ఎక్కడికీ పట్టక, ఎడం మూల గోడకి గుద్దుకుని ఆగిపోయింది.

"మొత్తం చెరిపేసి మళ్ళీ గియ్యి బాబాయ్."

"ఎగిరే పక్షిని చెరుపుతారా ఎవరైనా?"

"మరి ఆ అడుగు?"

"ఉంది. మనకి కనపడట్లేదంతే."

అలా పదిహేనేళ్ళు ఆ రెక్క మొండిగానే ఉండిపోయింది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

మా ఎడం పక్క కొట్టు గడియారాలాయనది. చేతి గడియారాలు ముట్టుకోడు. గోడకి వేలాడే పెద్ద పెండ్యులం గడియారాలే బాగుచేస్తాడు. బాగుచేసినదాన్ని ఎత్తున మేకుకి తగిలించి, వారం రోజులు అది సరిగ్గా నడిస్తే గానీ ఎవరికీ ఇవ్వడు. మహా పెద్దరికం మనిషి. మా బాబాయి టేపుకి వీధి మొత్తంలో దొరకనివాడు ఆయనొక్కడే. "నన్ను పక్షితో పోలుస్తావా?" అని కసురుతాడు. పదిహేనేళ్ళుగా ఆయన చొక్కాలన్నీ పాత చొక్కా చూసి కుట్టినవే. ఆయన పేజీలో ఆ చివరి గడి ఖాళీ. దాన్ని చూసినప్పుడల్లా బాబాయి నిట్టూరుస్తాడు.

ఒకరోజు ఆయన స్టూలెక్కి గడియారం తగిలిస్తుండగా స్టూలు ఒరిగింది. గడియారం దక్కింది. కుడి భుజం దెబ్బతింది. నెల తిరిగేసరికి బిగుసుకుపోయి, చెయ్యి ఛాతీ ఎత్తు దాటి పైకి లేవనంది. డాక్టరు చూసి, మందుల కంటే కసరత్తే ముఖ్యం అన్నాడు. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళని గోడ మీద ఒక్కొక్కటిగా పైకి నడిపించాలిట, రోజూ, ఎంతవరకు పోతే అంతవరకు. చెయ్యకపోతే ఆ చెయ్యి ఇక అంతేనన్నాడు.

"గోడ మీద వేళ్ళు పాకించాలా? నేనేమన్నా బల్లినా?" అని గడియారాలాయన డాక్టరు మీదే ఎగిరాడు.

భార్య బతిమాలింది. మేమందరం బతిమాలాం. బల్లి పని చెయ్యనంటే చెయ్యనన్నాడు. పెండ్యులం గడియారం పడుకోబెడితే నడవదు, వేలాడాలి. ఇంకొకళ్ళని తగిలించనివ్వడు, వంకర పెడతారని. పదకొండు గడియారాలు కొట్లో నేల మీద వెల్లకిలా పడుకున్నాయి. ఎప్పుడూ టిక్కుటిక్కుమనే కొట్టు చప్పుడు లేకుండా పోయింది. చివరికి ఒక చెక్క మీద సున్నంతో రాసి గుమ్మానికి కట్టేశాడు: 'రెండు నెలల్లో కొట్టు మూసివేయబడును. ఎవరి గడియారాలు వారు తీసుకుపోగలరు.' ఆ చెక్క చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ చప్పుడు లేకపోతే నాకు కాజా కుట్టు కూడా సరిగ్గా పడటంలేదు.

సరిగ్గా ఆ వారంలోనే మా బాబాయికి ఆల్బట్రాస్ మీద హఠాత్తుగా బెంగ పట్టుకుంది.

"అమ్మాయ్, పాపం దాని రెక్క అడుగు తక్కువుంది."

"పదిహేనేళ్ళ నుంచీ తక్కువే ఉంది కదా!"

"ఇన్నాళ్ళూ ఓర్చుకుంది. ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది?"

మర్నాడు పది గంటలకి పక్క కొట్టులోంచి కేక వినపడింది. పరిగెత్తుకెళ్ళి చూశాను. గడియారాలాయన వెనకగోడ మీద, మా గోడ తగిలే మూలన, ఛాతీ ఎత్తులో, దర్జీ నీలం సుద్దతో గీసిన అడుగు పొడుగు రెక్క ముక్క ఉంది. ఈకలతో సహా.

"ఏమయ్యా దర్జీ! ఇదేంటి?"

మా బాబాయి గుమ్మంలోంచే చేతులు కట్టుకుని వినయంగా, "మా ఆల్బట్రాస్ రెక్క కొస గురువుగారూ. మిగతాది మావైపుంది," అన్నాడు.

"నీ పక్షి నా కొట్లోకి ఎందుకొచ్చింది?"

"పదడుగుల్లో పట్టలేదండి."

గడియారాలాయన తడిగుడ్డ అందుకున్నాడు. ఆ మూలనే ఆయన పనిబల్ల గోడకి ఆనించి ఉంది. అంతకుముందు గుమ్మం దగ్గరుండేది. అక్కడ వీధి దుమ్ము పడుతోందని ఆ మధ్యే వాళ్ళావిడ ఇటు జరిపించింది. బల్ల నిండా విప్పిన గడియారాల చక్రాలూ మరలూ. వాటి మీద పడకుండా ఎడం చేత్తో బల్ల అంచు గట్టిగా పట్టుకుని, ముందుకి వంగి, కుడి చెయ్యి చాపితే గానీ గోడ అందదు. అబ్బా అబ్బా అంటూ, మా బాబాయిని తిడుతూ, మొత్తం తుడిచాడు.

మర్నాడు రెక్క మళ్ళీ ఉంది. ఆయన మళ్ళీ తుడిచాడు. ఆ మర్నాడూ అంతే. ఇలా వరసగా నెలరోజులు. రోజూ పది గంటలకి కేక, తిట్లు, తడిగుడ్డ. వీధిలోవాళ్ళు ఆ కేకని బట్టి గడియారాలు సరిచేసుకోవడం మొదలుపెట్టారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి భుజం పట్టేసి, బతుకుతెరువు పోయి ఏడుస్తుంటే, ఈయనకి పక్షి రెక్క ముఖ్యమా? పిన్ని రెండు రోజులు బాబాయితో మాట్లాడటం మానేసింది. కుడి పక్క కొట్టు ఫొటో ఫ్రేములాయన వచ్చి, "నీకు బుద్ధుందా?" అని మెత్తగా అడిగి వెళ్ళాడు. బాబాయి మాత్రం మిషను తొక్కుకుంటూ, "ఆల్బట్రాస్‌కి భుజం తాళం వేసుకోవడమూ వచ్చు, తీసుకోవడమూ వచ్చు. ఈయనకి వెయ్యడమే వచ్చింది," అని తనలో తను గొణుక్కుంటున్నాడు.

"ఆయన్ని ఎద్దేవా కూడా చేస్తున్నావా బాబాయ్?"

"ఛ ఛ. పక్షి గురించి మాట్లాడుతున్నా."

ఇక లాభం లేదనుకున్నాను. మర్నాడు పెందలాడే, గడియారాలాయన రాకముందే ఆ రెక్క నేనే తుడిచేసి, ముసలాయనకి ఆ ఒక్కరోజైనా బాధ తప్పిద్దామని వెళ్ళాను. తొమ్మిదింటికి వాళ్ళావిడ కొట్టు తెరిచి ఊడుస్తోంది. నేను గుడ్డ తడిపి గోడ దగ్గరికి వెళ్ళి, తల పైకెత్తి ఆగిపోయాను. రెక్క ఛాతీ ఎత్తులో లేదు. నా తల మీద, ఇంకా పైన ఉంది. మావైపు పక్షి అడ్డంగా రెక్కలు చాపుకుని ఉంటే, ఇటువైపు రెక్క కొస కప్పు వైపు పోతోంది. మధ్యలో గోడ ఉండటం వల్ల ఈ రెండూ ఒక పక్షివేనని చెప్తే తప్ప ఎవరూ నమ్మరు.

నేను స్టూలెక్కి చెయ్యి ఎత్తేసరికి వెనకనించి ఆవిడ గభాల్న నా మణికట్టు పట్టుకుంది.

"తుడవకే తల్లీ! కొంప ముంచుతావా?"

"పాపం పెద్దాయన రోజూ..."

"రోజూ తుడవాలనే కదా! ఇలా చూడు."

గోడ మూలన, పైనుంచి కింద దాకా, పెన్సిలుతో సన్నటి గీతలు. ఒక్కొక్క గీతకీ మధ్య వేలి మందం ఎడం.

"మీ బాబాయి పొద్దున్నే వచ్చి రోజుకో వేలు పైకి జరిపి గీస్తాడు. నేను తలుపు తీసిపెడతాను. బల్ల జరిపించమన్నదీ ఆయనే. బల్లి పని చెయ్యరట ఈయన. కోపంతో ఏ పనైనా చేస్తారు."

నేను స్టూలు దిగి దానిమీదే కూర్చున్నాను. నెలరోజులుగా బాబాయిని అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సిగ్గేసింది. దాని వెనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకోలేక తడిగుడ్డ నోట్లో కుక్కుకున్నాను.

"మీ బాబాయికి నీకు తెలిసినట్టు తెలియనివ్వకు. నీ మొహం చూస్తే మా ఆయన పసిగట్టేస్తారని ఆయన భయం," అంది ఆవిడ.

ఆ తర్వాత ఇంకో పాతిక రోజులు నేనూ బాబాయిని గట్టిగానే తిట్టాను. ముందుకంటే ఎక్కువే తిట్టాను. ఆ రోజుల్లో రెక్క ఒక్కోసారి రెండు మూడు రోజులు ఉన్నచోటే ఉండిపోయేది. అంటే ఆయన చెయ్యి అంతకంటే లేవట్లేదన్నమాట. అప్పుడు బాబాయి కాజాలు తప్పు కుట్టేవాడు. మళ్ళీ వేలు జరిగిన రోజున ఈలవేస్తూ వచ్చేవాడు. చెక్క మీద రాసిన గడువు దగ్గరపడుతోంది. ఇంకా ఆరు రోజులుందనగా రెక్క కొస పెద్ద మేకుని తాకింది.

ఆరోజు పదయింది. కేక లేదు. పదీ పది అయింది. వీధిలోవాళ్ళు కంగారుగా తొంగిచూస్తున్నారు. బాబాయి మిషను ఆపేసి, సూది దారం చేత్తో పట్టుకుని, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

గోడకి అవతల టిక్కుమంది. టక్కుమంది. మళ్ళీ టిక్కుమంది.

నేను ఉండబట్టలేక ఏడ్చేశాను. బాబాయి, "ఆ చప్పుడేంటమ్మా, నా మిషను వరస చెడగొడుతోంది," అన్నాడు. అంటూ ఏ బట్టా లేని మిషనుని టకటకా తొక్కేశాడు.

కాసేపటికి గడియారాలాయన మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. రెండు చేతులూ బార్లా చాపాడు.

బాబాయి టేపు రెండుసార్లు కింద పడేసుకున్నాడు. మూడోసారి కొలిచి, మళ్ళీ కొలిచి, నావైపు తిరిగి గట్టిగా అరిచాడు.

"అయిదడుగుల ఆరంగుళాలు! రాయమ్మా! అయిదడుగుల ఆరంగుళాలు తక్కువ! గురువుగారూ, మీరు సరిగ్గా సగం ఆల్బట్రాస్! ఒక్క నూలు అటూ ఇటూ లేదు!"

"సగమేగా," అన్నాడు గడియారాలాయన.

"దర్జీకి సగం చాలండి. మిగతాది మడత విప్పితే వస్తుంది."

పదిహేనేళ్ళ ఖాళీ గడి నిండింది. అంకె కొంచెం వంకరపోయింది గానీ, బాబాయి దాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు.

సాయంత్రం కుట్టిన చొక్కా ఒకటి ఇవ్వడానికి గడియారాలాయన దగ్గరికి వెళ్ళాను. పదకొండు గడియారాలూ గోడ మీద ఉన్నాయి. గుమ్మం దగ్గర చెక్కని తిరగేసి, దాని వెనక ఏదో రాస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"మీ బాబాయికి చెప్పకు. నాకు మూడో రోజే తెలిసిపోయింది."

"ఏంటండీ?"

"రోజుకో వేలు. సమంగా, తూచినట్టు. జీవితమంతా ముళ్ళు కదలడం చూసినవాణ్ణి, గోడ మీద రెక్క కదిలితే పోల్చుకోలేనా?"

"మరి అన్ని తిట్లు తిట్టారు!"

"తిట్టకపోతే గియ్యడం మానేస్తాడుగా." కుంచె కడుగుతూ గొంతు తగ్గించాడు. "బల్లిలా పాకమంటే పాకనమ్మా. నా గోడ నేను తుడుచుకోవడం వేరే సంగతి."

చెక్క మీద చూశాను. 'పక్షిని తుడవరాదు' అని ఉంది.

ఇప్పుడు మా పక్షి విచిత్రంగా ఉంది. మా కొట్లో చక్కగా అడ్డంగా ఉంటుంది. గడియారాలాయన కొట్లోకి పోయేసరికి ఒక్కసారిగా కప్పుకి తగులుతుంది. ఎవరైనా అడిగితే బాబాయి, "అక్కడ గాలి మారిందండీ, అది మలుపు తిరుగుతోంది," అంటాడు. ఆయన చేసిన పని నాకూ తెలుసు, గడియారాలాయనకీ తెలుసు. వాళ్ళావిడకి తప్ప ఎవరికీ తెలియదని ఆయన ధీమా. నేను ఆ ధీమా చెడగొట్టలేదు.

నిన్న కుడి పక్క కొట్టు ఫొటో ఫ్రేములాయన భార్య వచ్చింది. జాకెట్టు కొలతకని వచ్చి, బాబాయితో చాలాసేపు గుసగుసలాడింది. వాళ్ళాయనకి నడుం బిగుసుకుపోయిందట. వంగి నేల మీది మేకు కూడా తీసుకోలేకపోతున్నాడట. డాక్టరు చెప్పిన కసరత్తు చెయ్యమంటే, కప్పలా వంగడం నా వంటికి సరిపడదు అంటున్నాడట.

ఆవిడ వెళ్ళాక బాబాయి చాలాసేపు గోడకేసి చూశాడు. తల అటు వంచి చూశాడు, ఇటు వంచి చూశాడు. జేబులోంచి నీలం సుద్ద తీసి, పెన్సిలుకి కొత్తగా మొన పెట్టినట్టు దాన్ని అరగదీశాడు.

"అమ్మాయ్, ఎడం రెక్క అంత పైకి లేచాక, కుడి రెక్క కిందికి దిగాలి కదూ?"

"దిగాలి బాబాయ్."

"పైగా ఆల్బట్రాస్ పదకొండున్నర అడుగులు కూడా ఉంటుందిట. ఆ అర అడుగు ఎటు పెడదామంటావ్?"